బదనికకు ఇంట చోటు

తిరుమలాయపాలెం మొదలుకొని భద్రాచలపు అడవుల దాకా గల ఈ సీమలో, ముదిరిన మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలపై అక్కడక్కడ దళసరి ఆకుల మొక్క ఒకటి కనిపిస్తుంది. దాని వేళ్లు నేలను తాకవు. తెల్లని త్రాళ్లవలె కొమ్మను చుట్టుకొని, గాలిలో వ్రేలాడుతూ ఉంటవి. “ఇది బదనిక, చెట్టును పీల్చి చంపుతుంది” అని తోట యజమానులు దానిని కొడవలితో గీకివేయించడం కద్దు. ఈ నింద న్యాయమైనదేనా అని మనం విచారింపవలసి ఉన్నది.

బదనిక అనే ఒక్క పేరుతో మనవారు రెండు వేరువేరు మొక్కలను పిలుస్తూ వచ్చినారు. ఒకటి, పిట్టలు విడిచిన జిగురు గింజ నుండి మొలచి, కొమ్మలోనికి చొరబడి, చెట్టు రసాన్ని త్రాగేది. దానిని తొలగించడం రైతుకు తప్పనిసరి. రెండవది ఆర్కిడ్. ఇది బెరడును పట్టుకొని నిలుస్తుందే కాని, లోపలికి చొరదు. వానచినుకు, మంచు, గాలిదుమ్ము, కుళ్లిన ఆకుల పొడి, ఇవే దానికి ఆధారం. అరుగు మీద కూర్చున్న బాటసారిని దొంగ అనడం ఎటువంటిదో, దీనిని పరాన్నభుక్కు అనడం అటువంటిది.

సామర్లకోటలో తోట నడిపిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో, 1795లో వెలువడనారంభించిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఇటువంటి ఆర్కిడ్లను పటాలతో సహా వర్ణించినాడు. వానిలో ఒకదానికి నేటి శాస్త్రనామం వాండా టెస్సెల్లాటా. వాండా అన్నది సంస్కృత శబ్దమే. దాని రేకుల లోపలి వైపు గోధుమరంగు గళ్లు, వెలుపల తెలుపు, నడుమ ఊదానీలపు పెదవి, పైగా మంచి వాసన. మరొకటి అకాంపె ప్రిమోర్సా. దాని పూలు చిన్నవి, పసుపుపై ఎర్రగోధుమ చారలు గలవి.

వీనిని ఇంట పెంచగోరువారు ముందుగా మట్టిని మరచిపోవలెను. వేరుపైని తెల్లని పొర దూదివలె నీటిని పీల్చి, తడిసినంతనే పచ్చబడుతుంది. ఆరగానే మరల తెల్లబడుతుంది. తడియుట, ఆరుట అనే ఈ వరుసలోనే దాని ప్రాణమున్నది. మట్టిలో పాతిన వేరు గాలి లేక కుళ్లిపోతుంది. గరుకు బెరడుగల కొయ్యముక్కకు కొబ్బరిత్రాటితో మొక్కను కట్టి వ్రేలాడదీయవచ్చును. లేదా ప్రక్కల రంధ్రాలుగల కుండలో బొగ్గులు, ఇటుకముక్కలు వేసి నిలుపవచ్చును. పట్టి ఉంచిన వాననీరు శ్రేష్ఠం. ఉప్పదనంగల బోరునీరు వేళ్లపై తెల్లని పెచ్చు కడుతుంది. ఉదయమే తడిపి, చీకటి పడేసరికి ఆరిపోవునట్లు చూడవలెను. ఎండాకాలంలో మరొకసారి తడుపవలసి వస్తుంది. చలికాలంలో వారానికి రెండు మూడు మార్లు చాలును.

“మొక్క పచ్చగా ఉన్నది, పూయదేమి?” అని పలువురు అడుగుతూ ఉంటారు. తరచు దానికి కారణం నీడ. ముదురాకుపచ్చగా, మెత్తగా వాలిన ఆకులు వెలుతురు చాలలేదని చెబుతవి. లేత పసుపుపచ్చ ఛాయ వచ్చిన గట్టి ఆకు పూతకు సిద్ధమైన గుర్తు. తూర్పు వసారాలో ఉదయపుటెండ తగులునట్లు ఉంచి, వేసవిలో మాత్రం ఎండ ముదరకముందే నీడ కల్పించవలెను.

ఇక మొక్క ఎక్కడ దొరుకుతుంది? అడవి నుండి మాత్రం ఊడబీకి తేవద్దు. రిజర్వు అడవిలో అది నేరం. అంతకు మించిన కారణం మరొకటి ఉన్నది. ఆర్కిడ్ విత్తనం ధూళివంటిది. అందులో మొలకకు ఆహారం ఉండదు. అడవిలో ఒక జాతి శిలీంధ్రం తోడైతేనే అది మొలుస్తుంది. మొలచినది పూతకు రావడానికి సంవత్సరాలు పడుతుంది. శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన పోషకంపై విత్తును మొలిపించవచ్చునని 1922లో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించినాడు. అందుచేతనే నేడు నర్సరీలలో పెంచిన మొక్కలు లభిస్తున్నవి, వానినే కొనండి.

సొంత తోట గలవారికి మా మనవి ఒక్కటే. కొమ్మపైని ఆర్కిడ్‌ను ఉన్నచోటనే ఉండనివ్వండి. ఎండిన కొమ్మను నరకవలసి వచ్చినప్పుడు, మొక్క పట్టుకొన్న ముక్కను అట్లే కోసి ఇంటి వసారాలో వ్రేలాడదీయండి. పొయ్యిలోనికి పోవలసిన మొక్క మీ ఇంట పూస్తుంది.