లోవోల్టేజి: లోపం ఇంట్లోనా, వీధిలోనా?
(గూడూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు లైన్ల కింద ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి. అయినా మా ఇంటి లోవోల్టేజికి కారణం నేనేనని రిటైరయ్యాక గానీ తెలియలేదు. పెరట్లోని వంటగదిలో ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయేది. అందులో మా ఇంటావిడ ఇన్సులిన్ ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. రెండు స్టెబిలైజర్లు మార్చాను, వీధి లైన్‌ను తిట్టుకున్నాను.

చివరకు ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాను. గీజరు వేసినపుడు మీటరు దగ్గర 220 వోల్టులు, వంటగదిలో 190! మధ్యలో అతుకు నల్లగా మాడి ఉంది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే నిప్పంటుకునేదే. పైగా 30 మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు వైరు వేయించింది నేనే. పోనూ రానూ 60 మీటర్లు. 10 ఆంపియర్ల లోడుకు ఆ రాగి వైరులోనే సుమారు 11 వోల్టులు పోతాయి. 2.5 వైరు వేస్తే పోయేది నాలుగైదే.

స్టెబిలైజరు కరెంటును పుట్టించదు. వోల్టేజి పెంచడానికి లైను నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వీధంతా అవే పెడితే లైను ఇంకా కుంగుతుంది.

అమెరికాలోని మా అబ్బాయి చెప్పాడు: అక్కడ ఇల్లులాంటి బండ్లలో విహారానికి వెళ్లేవారు శిబిరంలో ప్లగ్గు పెట్టేముందే వోల్టేజి చూసుకుంటారట. వేసవిలో అందరూ ఏసీలు వేస్తే అక్కడా పడిపోతుందట!

కనుక నా మనవి ఇది. ముందు మీటరు దగ్గర, తర్వాత గదిలో, లోడు వేసి కొలిపించండి. గదిలోనే తగ్గితే లోపం మన వైరుది. 1956 విద్యుత్ నిబంధనలు 6 శాతం తేడానే అనుమతించాయి. 230కి లెక్కిస్తే 216 నుంచి 244. మీటరు దగ్గరే 216 కంటే తగ్గితే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. నిమ్మతోటల పల్లెల్లో ఉన్నవారు మోటార్లు నడిచే వేళ కొలిపించండి; మోటార్లకు కెపాసిటర్లు బిగిస్తే కొంత మేలు. ఒక లైటు మసకబారి మరొకటి మరీ వెలిగితే న్యూట్రల్ వదిలిందేమో. వెంటనే మెయిన్ ఆపండి.

నాలా రెండు స్టెబిలైజర్ల డబ్బు పోగొట్టుకోవద్దని కోరుతున్నాను.