కోటిలింగాల: నాణెములు చెప్పిన పట్టణము

చారిత్రక పట్టణమును చూడబోవు యాత్రికుడు గోపురమునో, కోటబురుజునో మనస్సులో ఉంచుకొని బయలుదేరుట సహజము. గోదావరి కుడి ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలియు చోటనున్న కోటిలింగాలకు అట్టి ఊహతో పోయినవారికి కొంత నిరాశ తప్పదు. కరీంనగరము నుండి చొప్పదండి, ధర్మారము మీదుగా వెల్గటూరు చేరి, నదివైపు మరలినచో కోటేశ్వరుని ఆలయము, స్నానఘట్టము, పంటపొలములు కనిపించును. నదికి ఆవల పూర్వపు ఆదిలాబాదు జిల్లా, నేటి మంచిర్యాల జిల్లా. 2016 జిల్లాల విభజనతో ఈ ఊరు కరీంనగరు జిల్లానుండి జగిత్యాల జిల్లాలోనికి వచ్చినది. ఇవన్నియు కనిపించును గాని, రెండువేల యేండ్లనాటి పట్టణము కనిపించదు. అది మన కాళ్లక్రింద నున్నది.

మేము ఆ పాటిగడ్డపై నడచినప్పుడు మాకు ఎదురైనవి ఇటుకముక్కలు, కుండపెంకులు మాత్రమే. పాటిమన్ను చేనికి బలమని మన రైతులు ఎరుగుదురు. వానకు ఆ మన్ను కరిగినప్పుడు చిన్నచిన్న నాణెములు పైకి తేలుటయు ఈ ఊరివారికి క్రొత్త కాదు. పండితుల చూపు ఇటు మరలుటకు ఆ నాణెములే కారణము. 1970వ దశాబ్దము చివర, 1980వ దశాబ్దము మొదట పురావస్తు శాఖవారు ఇచట త్రవ్వకములు జరిపిరి. ఇటుక కట్టడములు, మట్టివరలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన బావులు బయల్పడినవి.

నాణెములు చెప్పిన సంగతి యేమి? శాతవాహన వంశమునకు ఆద్యుడని పురాణములు పేర్కొను శిముకుని పేరు, మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో ఒక శిల్పముపై చెక్కబడి యున్నది. ఆతని పేరుగల నాణెములు కోటిలింగాలలో లభించినవి. అంతేకాదు, గోభద, నారన, కంవాయ, సమగోప అను రాజుల నాణెములును ఇచట దొరికినవి. శాతవాహనులకు ముందే ఈ ఒడ్డున పాలకులుండిరని, వారు తమ పేర నాణెములు వేయించిరని ఈ లోహపు బిళ్లలు చాటినవి. శాతవాహనుల పుట్టినిల్లు ఏది యను వాదము నేటికిని ముగియలేదు. గోదావరి ఎగువననున్న పైఠానును చూపువారును కలరు. అయినను, ఆ వాదములో తెలంగాణమును విస్మరించుటకు ఇక వీలులేదు.

ఈ పట్టణము ఏకాకి కాదు. నేటి పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో బౌద్ధస్తూపము, పెద్దబంకూరులో ఇటుక ప్రాకారములు, బావులు వెలువడినవి. పెద్దబంకూరులో వేలకొలది శాతవాహన నాణెములతోపాటు రోము చక్రవర్తులైన ఆగస్టసు, టైబీరియసుల వెండి నాణెములును లభించినవి. టైబీరియసు పాలన క్రీ. శ. 14 మొదలు 37 వరకు. మధ్యధరా సముద్రతీరపు సొమ్ము ఈ వాగుల నడుమకు వచ్చినదన్నచో, ఈ లోయ లోకమునకు దూరమైన మూల కాదని తేటపడుచున్నది.

ఇక ఆలోచింపవలసినది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము నిండినప్పుడు నీరు ఈ ఒడ్డుదాక వచ్చును. సేద్యమునకు, పట్టణముల దాహమునకు ఆ నీరు అవసరమే. దానిని కాదనువారు లేరు. కాని నీటిపాలైన మట్టిని మరల చదువుట దుర్లభము. నీటికన్న మెల్లగా, అంతకన్న నిశ్చయముగా, మరొక నష్టము జరుగుచున్నది. ఒక నాణెము ఏ పొరలో, ఏ గోడప్రక్కన, ఏ పెంకులతో కలిసి దొరికినదో తెలిసినప్పుడే అది సాక్ష్యమగును. జేబులో వేసికొని పోయిన నాణెము పేరు చెప్పగలదేమో గాని, తన ఊరి కథ చెప్పలేదు. అంగడిలో దానికి వెల కట్టవచ్చును. చరిత్రలో దాని నోరు మూతపడినట్లే.

కావున కోటిలింగాలకు పోవువారు మొదట కరీంనగరములోని పురావస్తు ప్రదర్శనశాలను చూచి పోవుట మేలు. అప్పుడు కాలికి తగిలిన ఇటుకముక్కయు పలుకును. పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పెంకునైనను ఎత్తుకొని రావలదని చెప్పుడు. నాణెము కంటబడినచో చోటును గుర్తించి పురావస్తు శాఖవారికి తెలుపుడు. ఈ పట్టణమునకు నేడు గోడలు లేవు. చూడవచ్చువారి నిగ్రహమే దానికి మిగిలిన ప్రాకారము.