చిన్న పెరట్లో పన్నీరు గులాబీ
(సూరత్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గులాబీల పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గులాబీ అనగానే ఫ్లవర్ షోలో బహుమతి కొట్టే పెద్ద పువ్వు గుర్తుకొస్తుంది. నేను దాని గురించి చెప్పబోవడం లేదు. మన అమ్మమ్మల పెరట్లో పొదలా పెరిగి, దేవుడికీ జడలోకీ సరిపోయేలా పూసి, గాలి తిరిగితే చాలు ఇల్లంతా వాసన నింపే ఆ గులాబీ రంగు నాటు గులాబీ గురించి చెబుతాను. మనవాళ్లు పన్నీరు గులాబీ అంటారు. ఇక్కడ సూరత్‌లో దేశీ గులాబ్ అని అడగాలి. ఈ పేర్లతో ఒకటి రెండు రకాలు అమ్ముతారు. మనకు కావలసింది ఎడ్వర్డ్ రకం.

ఈ పువ్వు పుట్టుక కూడా మన ఉద్యోగాల్లాగే బదిలీల కథ. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే చిన్న దీవి ఉంది. పూర్వం దాని పేరు బూర్బన్. అక్కడి రైతులు పొలాలకు కంచెగా రెండు రకాల గులాబీలు వేసేవారు. ఒకటి చైనా గులాబీ, రెండోది డమాస్క్ గులాబీ. ఎవరూ పనిగట్టుకుని కలపకుండానే ఆ రెండిటికీ పుట్టిన సంకరం ఇది. 1819 ప్రాంతంలో ఆ దీవి నుంచి గింజలు ఫ్రాన్సుకు వెళ్లాయి. ఆ సంతతికే బూర్బన్ గులాబీలని పేరు. చైనా గులాబీ నుంచి మళ్లీ మళ్లీ పూసే గుణం, డమాస్క్ నుంచి వాసన దీనికి వచ్చాయి.

అత్తరుకు పేరుపడ్డ అసలు డమాస్క్ గులాబీయే వేసుకోవచ్చు కదా అని అడుగుతారేమో. దానికి చలి కావాలి. ఉత్తరాదిలో కూడా ఏడాదికి ఒకసారి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పూసి ఊరుకుంటుంది. సూరత్ చలి దానికి చాలదు. ఎడ్వర్డ్ అలా కాదు, మన ఉక్కకీ ఎండకీ తట్టుకుని విడతలు విడతలుగా పూస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నర్సరీలో మనం కొనే రంగురంగుల గులాబీ చూడ్డానికి ఒక మొక్కే గానీ నిజానికి రెండు. పైన పూసేది ఒకటి, కింద వేరై మోసేది ఇంకొకటి. పైదాన్ని కన్ను అంటు కట్టి కిందిదాని మీద నిలబెడతారు. మన దేశంలో ఇలా వేరుమొక్కగా వాడే రకాల్లో ఈ ఎడ్వర్డ్ ఒకటి. అంటే బహుమతి పైదానికి, బరువు దీనికి. ఫౌజులో పనిచేసినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

చాలా ఇళ్లల్లో జరిగేది ఏమిటంటే, రెండో వానాకాలానికి పై అంటు ఎండిపోతుంది. అడుగు నుంచి కొత్త చిగురు లేస్తుంది. "అది అడవి గులాబీ, పీకెయ్" అంటారు. తొందరపడకండి. ఒక్కసారి పూయనివ్వండి. చిన్న చిన్న తెల్లని గుత్తులు పూస్తే అది వేరే వేరుమొక్క, తీసేయవచ్చు. చేతికి నిండుగా, రేకులు కిక్కిరిసి, గులాబీ రంగులో వాసనగా పూసిందంటే మాత్రం మీ ఇంట్లో పన్నీరు గులాబీ ఉన్నట్టే. అది సొంత వేరు మీద నిలబడిన మొక్క. పైది పోతుందన్న భయం ఇక లేదు.

సూరత్‌లో గులాబీకి పెద్ద శత్రువు ఎండ కాదు, నిలిచిన నీళ్లు. ఇక్కడిది ఎక్కువగా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం బురదై వేళ్లకు ఊపిరి ఆడనివ్వదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన గట్టిగా కురుస్తుంది. అందుకని గుంటలో నాటకుండా మట్టిని ఒక అడుగు ఎత్తున మడిలా పోసుకుని నాటాలి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేక వర్మీకంపోస్టు కలిపితే సరిపోతుంది. ఫ్లాటులో ఉండేవాళ్లకి 14 అంగుళాల కుండీ చాలు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి, అందులో పొద్దుటి ఎండ అయితే మరీ మంచిది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, అలాంటి చోట మున్సిపాలిటీ నీళ్లే పోయండి. కుండీ కింద పళ్లెంలో మాత్రం నీళ్లు నిలవనివ్వకండి. అది మొక్కకీ చేటే, దోమలకీ పండగే. 1994 ప్లేగు తరువాత ఈ నగరాన్ని శుభ్రం చేసి చూపించిన కమిషనర్ ఎస్.ఆర్. రావు గారు మన తెలుగువారు. ఆయన పేరు నిలబెట్టడానికైనా మన పళ్లెం పొడిగా ఉండాలి.

కత్తిరింపు సంగతి. వానలు వెనకబట్టాక, అక్టోబరు నడిమిలో ఎండు కొమ్మలు, ముసలి కొమ్మలు తీసేసి, మిగతావాటిని మూడో వంతు తగ్గించండి. షో గులాబీల్లాగా మోకాలి కిందకి నరకక్కర్లేదు, ఇది పొద, పొదలాగే ఉండనివ్వాలి. కోసిన చోట రాగి మందు ముద్ద పూస్తే కొమ్మ పైనుంచి ఎండుతూ రాదు. కత్తిరించిన సుమారు 45, 50 రోజులకు పూత వస్తుంది. జనవరి 26న జెండా దగ్గర మన ఇంటి పూలు పెట్టాలనుకుంటే, ఒకటి రెండు మొక్కలు డిసెంబరు మొదటి వారంలో కత్తిరించుకోండి.

చీడలు ఎక్కువేం ఉండవు. వానల్లో ఆకుల మీద నల్లమచ్చలు వస్తాయి, రాలిన ఆకులు ఏరి పారేయండి, సాయంత్రం పూట ఆకులు తడపకండి. ఎండాకాలం ఆకు అడుగున ఎర్రనల్లి పడితే పొద్దున్నే నీళ్లు గట్టిగా కొడితే పోతుంది. మొగ్గల అంచులు గోధుమ రంగుకి తిరిగితే తామర పురుగన్నమాట. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లండి. రేకులు తినడానికి వాడే ఇంట్లో బజారు మందులు వద్దు.

పూలు తెల్లవారుజామునే కోయాలి. ఎండెక్కే కొద్దీ వాసన గాల్లో కలిసిపోతుంది. ఒక కిలో గులాబీ నూనెకి మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలంటారు, కాబట్టి ఇంట్లో అత్తరు ఆశ పెట్టుకోవద్దు. గుల్కందు మాత్రం సులువు. కడిగి నీడన ఆరబెట్టిన రేకులు ఒక వరస, పంచదార ఒక వరస సీసాలో పేర్చి, మూడు నాలుగు వారాలు ఎండలో పెట్టి, రోజూ కలపడమే.

ఇక చివరి మాట, ముఖ్యమైన మాట. ఈ మొక్కని కొనక్కర్లేదు, అడిగి తెచ్చుకోవచ్చు. పెన్సిలంత లావు కొమ్మ, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయండి. కింది ఆకులు తీసి పైన రెండు ఉంచి, ఇసక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చి నీడన పెట్టండి. తడి ఆరనివ్వకండి, ముంచెత్తకండి. నెల, నెలన్నరలో వేరు పడుతుంది. వానాకాలం నుంచి చలికాలం దాకా ఎప్పుడైనా చేయొచ్చు. పది గుచ్చితే అయిదు బతికినా మేలే.

మనలాంటి వాళ్లకి ఇదెందుకు ముఖ్యమో చెబుతాను. రెండేళ్లకో మూడేళ్లకో క్వార్టర్ ఖాళీ చేసేవాళ్లం. తోటని పెట్టెలో సర్దుకుపోలేం, కొమ్మని తడిగుడ్డలో చుట్టి తీసుకుపోగలం. వెనక వచ్చే కుటుంబానికి వేరు వదిలి వెళ్లగలం. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వచ్చి తాపీ పొంగి ఈ నగరం మునిగిన సంగతి ఇక్కడ చాలామందికి గుర్తే. రోజుల తరబడి నీళ్లు నిలిస్తే ఏ గులాబీ మిగలదు. మిగలాలంటే దాని కొమ్మ ఇంకో ఇంట్లో బతుకుతూ ఉండాలి. మొక్కకి అంతకు మించిన ఇన్సూరెన్స్ లేదు.

మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, ఈ ఊళ్లో తరాలుగా నిలదొక్కుకున్న మన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఇక్కడి మట్టిలో సొంత వేరు వేసుకున్నారు, పిల్లలకి బతుకమ్మ పేర్చడం నేర్పుకున్నారు. రిటైరై ఇక్కడే స్థిరపడుతున్న మనకు వాళ్లను చూసి నేర్చుకోవలసింది ఉంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈ వానాకాలం మీలో ఎవరింట్లో పన్నీరు గులాబీ ఉన్నా, పది కొమ్మలు గుచ్చండి. బతికినవి వచ్చే సమావేశానికి తెచ్చి, లేనివాళ్లకి ఇవ్వండి. తీసుకున్నవాళ్లు మరుసటి ఏడు ఇంకొకరికి ఇవ్వాలి. ఇంతే షరతు.

 జై హింద్.