చేతుల మీదుగా ప్రాకు క్రిమి

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు సారథ్యము వహించిన కాలముననే, 1948లో, ఆరియోమైసిన్ లోకమునకు లభించినది. నేడో, అట్టి మందులకు లొంగని క్రిములు పెక్కు బయలుదేరినవి.

మన గోదావరి సీమలోని నర్సింగ్ హోములకు మేము తొలుత చెప్పదలచినది చేతులను గూర్చియే. ఒక రోగి మూత్రపు గొట్టము సవరించిన చేయి, కడుగుకొనక ప్రక్క రోగి పుండును తాకెనా, క్రిమి మంచము మారినట్లే. తొడుగులు ధరించినను, అవి విడిచిన పిదప చేతులు కడుగవలసినదే. పరామర్శకు పోయి రోగి మంచము మీదనే కూర్చుండు బంధువులము (అదియొక మర్యాద మనకు!) ఇందుకు మినహాయింపు కాము.

రోగిని వృద్ధాశ్రమమునకు పంపునపుడు, పైకి జబ్బు కానరాకున్నను, మందుకు లొంగని క్రిమి దేహమున నున్నచో ఆ సంగతి వ్రాసిన చీటి వెంట పోవలెను. లేనిచో అచటి ఆయాకు తెలియుటెట్లు?