బుగ్గలు చూసి మురిసిపోయాం

నేను డాక్టర్ని కాదండీ, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. 2018లో ఉద్యోగరీత్యా యాంగోన్‌లో, అదే మన పెద్దవాళ్ళ రంగూన్‌లో, లత అనే పేటలో ఉండేవాళ్ళం. పేరు మన ఆడపిల్ల పేరులా ఉన్నా అది చైనా వాళ్ళ పేట. ఒకప్పుడు మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళ వల్ల తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారట.

మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. ఒకరోజు పొద్దున్నే కళ్ళు ఉబ్బి లేచాడు. దోమ కుట్టిందనుకున్నాం. వారానికి కాళ్ళు పొంగాయి, మూత్రం నురగ కట్టింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. అంటే మూత్రపిండాలు రక్తంలోని ప్రోటీన్‌ని పట్టి ఉంచలేక వదిలేస్తాయి. దీనికి ఎక్కడైనా మొదట ఇచ్చే మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడే. నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ, తర్వాత కొన్ని వారాలు రోజు విడిచి రోజు. చాలామంది పిల్లలకి తిరగబెడుతుంది. మావాడికి ఏడాదిలో మూడుసార్లు వచ్చింది.

వాపు దిగింది. ఆ తర్వాత బుగ్గలు వచ్చాయి. కంప్యూటర్లో చూసి మా అమ్మ "రంగూన్ నీళ్ళు పడ్డాయిరా వీడికి, దిష్టి తియ్యండి" అంది. మేమూ మురిసిపోయాం. అవి మందు తెచ్చిన బుగ్గలని డాక్టరుగారు చెప్పే ఉంటారు, మా చెవికెక్కలేదు.

ఇక ఆకలి! సాయంత్రమైతే 19వ వీధిలో బల్లలు వేసి చేపలు కాలుస్తారు. ఆ వాసనకి ఏడ్చేవాడు. వాపు ఉన్నన్నాళ్ళూ ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ బంద్. కోపమొచ్చి చెల్లెల్ని కొట్టేవాడు. ఒకసారి నేను వాడిమీద చెయ్యి చేసుకున్నాను. ఆ చిరాకూ మందుదేనని తెలిశాక నాకు ముద్ద దిగలేదు.

బంధువొకాయన ఫోన్లో "స్టెరాయిడా! ముందు మానిపించండి" అన్నారు. ఆపేశాం. మూడో రోజు పిల్లాడు వాంతులతో వాలిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగింది ఒక్కటే, "మందు ఆపారా?" మా ఆవిడ నా మొహం చూసింది.

సంగతేమిటంటే, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారుచేస్తాయి. అలాంటి మందే వారాల తరబడి బయటినుంచి వస్తుంటే అవి పని మానుకుంటాయి. హఠాత్తుగా ఆపితే వెంటనే లేవవు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మధ్యలో గట్టి జ్వరమొచ్చినా, ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినా స్టెరాయిడ్ సంగతి మనమే ముందు చెప్పాలి.

అప్పట్నుంచి ఎత్తు, బరువు, బీపీ ప్రతిసారీ చూపించాం. శుక్లాలు రావచ్చని కళ్ళూ చూపించాం. టీకాలు వేయించే ముందు అడిగేవాళ్ళం, కొన్ని ఆ సమయంలో వెయ్యకూడదు. పక్కింటి పాపకి ఆటలమ్మ పోస్తే మావాడికి మచ్చ కనబడకముందే, అదే రోజు డాక్టరుకి ఫోన్ చేశాం. నేను ఎక్సెల్‌లో పెద్ద పట్టిక తయారుచేశాను. చివరికి పనికొచ్చింది మాత్రం మా ఆవిడ గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్న మిల్లీగ్రాముల లెక్కే.

ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. రెండేళ్ళుగా మందు లేదు. క్లాసులో పొట్టివాళ్ళ వరసలో నిలబడతాడు. అది మందు వల్లా, మా వంశం వల్లా అంటే చెప్పలేను, నేనూ పొడుగువాణ్ణేం కాదు లెండి.