నాడుల కొనలయందలి ఎడము



మన వాడుకలో నరమను మాట చాల బరువు మోయుచున్నది. నెత్తురు పాఱు సిరను నరమందుము. కండను ఎముకకు కట్టిపట్టు స్నాయువును నరమందుము. ఒడలు వడకినచో నరముల బలహీనత యందుము. వైద్యుడు చేయి పట్టి నాడి చూచుట నెత్తురుగొట్టము యొక్క కొట్టుకొనుటను చూచుటయే. నేను చెప్పబోవునవి ఇవి యేవియు కావు. మెదడునుండియు వెన్నుపామునుండియు వెడలి ఒడలెల్ల ప్రాకిన సన్నని తంతువుల కట్టలు నా విషయము. కొందఱు వీనిని జ్ఞానతంతువులందురు. పేరు సొంపైనదే కాని సగమే సత్యము. చర్మమునుండి వార్తను తెచ్చు తంతువులు కొన్ని, కండలకు ఆజ్ఞను కొనిపోవునవి కొన్ని. రెండవవానికి జ్ఞానముతో పని లేదు. కావున నాడి యనియే వాడెదను.

పత్తియు వరియు మిరపయు పండించుకొను మా తొర్రూరు వారికి ఈ శాస్త్రముతో పనియేమని అడుగుదురేమో. మన చేలలో పొంచియున్న రెండపాయములు, పురుగుమందును పామువిషమును, నాడీమండలమున ఒకే చోట దెబ్బతీయును. ఆ చోటెట్టిదో తెలిసినచో చేయవలసినదియు తెలియును.

మెదడు పెద్దవారిలో సుమారు 1,400 గ్రాములు తూగును. దానినుండి 12 జతల నాడులు వెడలును. వానిలో పెక్కు తలను, ముఖమును, మెడను చూచుకొనునవి. ఒక జత మాత్రము మెడ దిగి గుండెను, కడుపును చేరును. వెన్నెముక కాలువలో నుండు వెన్నుపాము మూరెడు పొడవు, చిటికెనవ్రేలంత లావు. దాని ఇరుప్రక్కల 31 జతల నాడులు. స్థూలరూప మింతే.

సూక్ష్మరూపమే అద్భుతము. మెదడున నాడీకణములు సుమారు 8,600 కోట్లు. వానికి ఆహారము, ఒర, కాపుదల సమకూర్చు పరిచారకకణములును దాదాపు అంతే సంఖ్యలో కలవు. నాడీకణ మెట్లుండును? వేళ్ళతో పెఱికిన మిరపమొక్కను ఊహింపుడు. వేళ్ళగుత్తి ఇతర కణముల వార్తలను గ్రహించు శాఖలు, వేళ్ళు కాండమును కలియుచోట కణదేహము, కాండమే తంతువు, పైకొమ్మలు తంతువు కొసలు. కాని ఈ మొక్కకు కాండము మితిమీఱిన పొడవు. నడుమునొద్ద వెన్నుపాములో నున్న యొక కణము యొక్క తంతువు పాదమువఱకు, సుమారు ఒక మీటరు, తెగకుండ సాగును. కణదేహమా, కంటికి కానరాదు!

ఈ తంతువునందు వార్త నడచుటకు మన కూరలో వేయు ఉప్పే ఆధారము. ఉప్పులోని సోడియము కణము వెలుపల హెచ్చుగను, పొటాసియము లోపల హెచ్చుగను ఉండును. వార్త తాకినంతనే తంతువు పొరలోని సన్నని ద్వారములు తెఱచుకొని సోడియము లోనికి దూకును. ఆ కదలిక ప్రక్క ద్వారమును తెఱచును. అట్లు అల సాగును. క్రొవ్వుతో కూడిన ఒర చుట్టుకొన్న లావైన తంతువులలో ఆ వేగము సెకనుకు 100 మీటర్లు దాటును.

ఇక అసలు ప్రశ్న. ఒక కణము కొస మఱియొక కణమును తాకునా? ఇటలీ దేశీయుడు కామిలో గాల్జీ 1873లో వెండి లవణముతో నాడీకణములకు నల్లరంగు పట్టించు ఉపాయము కనుగొని, ఇదంతయు తెగని వలయని వాదించెను. స్పెయిను దేశీయుడు రామోన్ కహాల్ అదే రంగుతో చూచి, కాదు, ప్రతి కణము వేఱు వేఱేయనెను. 1906లో నోబెల్ బహుమానమును ఇరువురకు కలిపి యిచ్చిరి. ఆ సందర్భముననే ఇరువురును ఒకరి మతమునకు విరుద్ధముగా ఒకరు ప్రసంగించిరి. మన తర్కపండితుల సభలు నాకు జ్ఞప్తికి వచ్చును! కహాల్ మాటయే నిలిచినది. రెండు నాడీకణముల నడుమ ఎడము సామాన్యముగా మిల్లీమీటరులో 50,000వ వంతు మాత్రమే. అయినను అది ఎడమే.

ఆ ఎడమును వార్త యెట్లు దాటును? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలను ఉప్పునీటిలో కొట్టుకొనుచుండగా ఉంచెను. ఒకదాని నాడిని ప్రేరేపింపగా ఆ గుండె మందగించెను. దాని చుట్టునున్న నీటిని తీసి రెండవదానిపై పోయగా, నాడిలేని ఆ గుండెయు మందగించెను! నాడికొస యొక ద్రవ్యమును విడుచుచున్నదని తేలినది. దానిని ఎసిటైల్ కోలిన్ అందురు. కండను కదలించు నాడియు తన కొసనుండి దీనినే విడుచును. కండ గ్రహించి ముడుచుకొనును. పని యైన వెంటనే ఆ దూతను తునుకలు చేయు కోలినెస్టరేజ్ అను ద్రవ్యము ఆ యెడమునందే కాచుకొని యుండును. అది లేనిచో ఒకసారి బిగిసిన పిడికిలి సడలదు.

పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫేటులను జాతివి ఈ కోలినెస్టరేజ్ చేతులను కట్టివేయును. దూత నశింపక పేరుకొనును. కంట నీరు, నోట చొంగ, చెమట, వాంతి, విరేచనములు, కనుపాప సూదిమొనయంత యగుట, కండలు అదరుట, తుదకు ఊపిరి కండలు చచ్చుపడుట దీని వరుస. మా యూర పత్తిచేనికి మందు కొట్టివచ్చిన యొక పడుచువాడు మా యరుగుపై కూలబడి, “సారూ, పట్టపగలే కండ్లు మసకలు కమ్ముతున్నయి” అనెను. ఎండదెబ్బ యని మజ్జిగ తెచ్చిరి. కనుపాపలు ముడుచుకొని వెలుగు లోనికి పోకుండుటయే యది. బట్టలు విప్పించి, సబ్బుతో ఒడలు కడిగించి, మందు సీసాతో కూడ ఆసుపత్రికి పంపితిమి, బ్రదికెను. ఈ మందు చర్మమునుండియు లోనికి పోవునని తడిసిన లుంగీతో దినమంతయు నడచువారికి చెప్పువారు లేరు.

ఆసుపత్రిలో ఇచ్చు అట్రోపిన్ గ్రంథులయొద్దను, ఊపిరిగొట్టములయొద్దను ఆ దూతకు తలుపు మూయును. ఉమ్మెత్తయందును ఈ జాతి ద్రవ్యములే కలవు. అట్లని ఉమ్మెత్త నూఱి పోయవలదు. మోతాదు తప్పినచో అదియే చంపును.

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 మొదలు 2002 వఱకు ఆఱేండ్లలో పురుగుమందు విషముతో 8,040 మంది చేరిరి. వారిలో నూటికి 22 మందికి మించి మరణించిరి. 2002 నాటి లెక్క విప్పిచూడగా వారిలో అత్యధికులు చేనిలో ప్రమాదవశమున విషము సోకినవారు కారు, మనసు విఱిగి తామే తెచ్చుకొన్నవారు. మూడింట రెండుపాళ్ళు 30 ఏండ్లలోపువారు. ఈ సంగతి మఱుగుపఱచుట నాకు సమ్మతము కాదు. అట్టి దుఃఖవేగము పలుమాఱు కొన్ని గడియలలో తగ్గును. ఆ గడియలలో సీసా చేతికందకుండుట ప్రాణము నిలుపును. మందును ఇంటి దూలమునకు వ్రేలగట్టక పెట్టెలో తాళమువేసి ఉంచుడు. దిగులుపడిన బిడ్డను ఒంటరిగా విడువక మాటలాడింపుడు. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును.

ఇక పాము. నాగుపాము విషము కండవైపు తిష్ఠవేసి దూతను అందుకొననీయదు. కట్లపాముది అంతకంటె క్రూరము: అది నాడికొసనే పాడుచేసి, దూతను వెలువడనీయదు. రాత్రి నేలపై పండుకొన్నవానిని కఱచును, నొప్పియు వాపును అంతగా నుండవు, గాటు కానరాకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచినవాని కనుఱెప్పలు వ్రాలుచున్నచో, మాట ముద్దయగుచున్నచో, ఇక మంత్రగానికై వెదకుచు జాగుచేయరాదు. కోయరాదు, త్రాటితో బిగింపరాదు; కఱచినచోటు కదలనీయక కొనిపోవలెను. మా యూరినుండి వర్ధన్నపేట మీదుగా వరంగల్లు చేరుటకే గంట దాటును. అందుచే మొదట దగ్గఱి ప్రభుత్వాసుపత్రికే పోవలెను. విషమునకు విఱుగుడుమందు నెత్తుటిలో తిరుగు విషమునే పట్టగలదు. పాడైన కొసను బాగుచేయలేదు.

అయినను ఆ కొసలు మరల మొలచును. దానికి దినములు, ఒక్కొకప్పుడు వారములు పట్టును. అంతవఱకు యంత్రముతో ఊపిరి ఆడించినచో రోగి లేచి కూర్చుండును. ఆ దినములలో అతడు ఱెప్ప ఎత్తలేడు, వ్రేలు కదల్పలేడు. కనుపాపలు సైతము వెలుగునకు కదలకపోవచ్చును. చూచినవారు ప్రాణము పోయినదనుకొని మంచముచుట్టు ఏడ్చుచు అంత్యక్రియల మాట లాడుదురు. విషము మెదడును తాకలేదు. అతడు అంతయు వినుచునే యుండవచ్చును.