చదరంగం పోటీకి న్యాయమైన పద్ధతి ఏది?

(వెంగళరావు నగర్‌లో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవం సందర్భంగా జరపబోయే చదరంగం పోటీకి నియమాలు ఎలా ఉంటే బాగుంటుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను గొప్ప ఆటగాణ్ణి కాను. గుమాస్తాగా జీవితమంతా ఫైళ్ళు నడిపినవాణ్ణి. అయితే ఒక నియమం రాస్తే అది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చూడటం గుమాస్తా పనే గనుక ఒప్పుకున్నాను.

'ఆడలేక మద్దెల ఓడు' అని మనకొక సామెత ఉంది. ఓడినవారు నియమాలను తప్పుపడితే ఈ సామెత చెప్పి నోరు మూయిస్తాం. కాని ఒక్కొక్కసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. ఆ సంగతి ఆట మొదలు పెట్టక ముందే చూసుకోవడం నిర్వాహకుల ధర్మం.

సాధారణంగా అందరూ ఎంచుకునేది నాకౌట్ పద్ధతి. 16 మంది వస్తే 15 ఆటలతో పోటీ ముగుస్తుంది. నిర్వాహకులకు సుఖమే. కాని మొదటి ఆటతోనే ఎనిమిది మంది బయటికి పోతారు. ఉప్పల్ నుంచో, మల్కాజిగిరి నుంచో రెండు బస్సులు మారి వచ్చిన పెద్దమనిషి పదింటికి బల్ల ముందు కూర్చుని పదిన్నరకు ఓడిపోతే, బహుమతి ప్రదానం దాకా టీ తాగుతూ గోడ గడియారం చూడాల్సిందే. మరుసటి ఏడాది ఆయన రారు. మనలో తోడు పోయినవారున్నారు, పిల్లలు పరదేశాల్లో ఉన్నవారున్నారు. అటువంటివారు కప్పు కోసం రావడం లేదు, నలుగురితో కూర్చుని ఆడుకోవడానికి వస్తున్నారు. అందుచేత పద్ధతి ఎంపిక చిన్న విషయం కాదని నా మనవి.

నాకౌట్‌లో రెండో లోపం రెండో బహుమతి దగ్గర ఉంది. ఆలిస్ కథలు రాసిన లూయీ కారోల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్ గణిత పండితుడు. ఆయన 1883లో టెన్నిస్ పోటీల మీద ఒక చిన్న పుస్తకం రాసి ఈ సంగతే బయటపెట్టాడు. మన 16 మందికి లెక్క వేసి చూద్దాం. బలవంతుడే ప్రతి ఆటా గెలుస్తాడని అనుకోండి. చీట్లు వేసి జతలు కడితే, మిగిలిన 15 స్థానాల్లో 8 మాత్రమే మొదటివాడు లేని సగంలో ఉంటాయి. కాబట్టి రెండో బలవంతుడికి రెండో బహుమతి వచ్చే అవకాశం 15కి 8 వంతులే. తక్కిన 7 వంతుల్లో అతడు ఫైనల్‌కు ముందే మొదటివాడి చేతిలో ఓడి ఇంటికి పోతాడు. బలమైనవారిని ముందే వేరువేరు భాగాల్లో పెట్టడానికి సీడింగ్ ఉంది. కాని మనలో ఎవరు ఎంత బలవంతులో తేల్చే సీనియారిటీ లిస్టు మన దగ్గర లేదు!

అందరూ అందరితో ఆడే పద్ధతి అన్నిటికన్నా న్యాయమైనది. కాని 16 మందికి 120 ఆటలు, అంటే ఒక్కొక్కరికి 15 ఆటలు. మన నడుములు ఒప్పుకోవు.

మధ్యేమార్గం గ్రూపుల పద్ధతి. 2002లో మన హైదరాబాద్‌లోనే చదరంగం ప్రపంచ కప్ జరిగింది, విశ్వనాథన్ ఆనంద్ గెలిచారు. అక్కడ 24 మందిని ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు చేసి, ఒక్కొక్క గ్రూపు నుంచి ఇద్దరిని నాకౌట్‌కు పంపారు. అంటే ఎవరికైనా అయిదు ఆటలు ఖాయం. ఇది మంచిదే. కాని చీట్లు వేస్తే నలుగురు బలవంతులు ఒకే గ్రూపులో పడవచ్చు.

అందుకని నేను స్విస్ పద్ధతిని సూచిస్తున్నాను. 1895లో జ్యూరిచ్ పోటీలో మొదలైంది గనుక ఆ పేరు. ఇందులో ఎవరూ బయటికి పోరు. ప్రతి రౌండు తరువాత సమానంగా పాయింట్లు ఉన్నవారికి జత కడతారు. ఒకసారి ఆడిన ఇద్దరికి మళ్ళీ జత కట్టరు. మనకు అయిదు రౌండ్లు చాలు, మొత్తం 40 ఆటలు. ఓడినవారికి తరువాతి రౌండులో తమ ఈడుజోడు ప్రత్యర్థే దొరుకుతాడు.

దీనిలోనూ ఒక చిక్కు ఉంది. పాయింట్లు సమానమైతే విజేత ఎవరు? మన తెలుగింటి ఆడపడుచు కోనేరు హంపి అనుభవమే చూడండి. 2019లో మాస్కోలో జరిగిన ప్రపంచ మహిళల రాపిడ్ పోటీలో ముగ్గురు 9 పాయింట్లతో సమానంగా నిలిచారు. టైబ్రేక్ లెక్కలో ముందున్న ఇద్దరికే విజేతను తేల్చే ఆటలు పెట్టారు. హంపి ఆడి గెలిచారు. టర్కీ క్రీడాకారిణి అతాలిక్‌కు ఆడే అవకాశమే రాలేదు. 2025లో దోహాలో మళ్ళీ ముగ్గురు 8.5 పాయింట్లతో నిలిచారు. ఈసారి లెక్కలో వెనకబడి బల్ల దగ్గరికి పోలేకపోయినది హంపి. నియమం ముందే రాసి ఉంది గనుక ఎవరికీ అన్యాయం జరిగిందనలేం. అయినా సమానంగా ఆడిన మనిషిని కాగితం మీది లెక్క ఆపేసింది.

ఆ లెక్కలో ఎక్కువగా వాడేది మన ప్రత్యర్థులు సాధించిన పాయింట్ల మొత్తం. మన వయసులో ఎవరికైనా బి.పి. పెరిగి మధ్యలో ఇంటికి వెళితే, వారితో ఆడినవారి లెక్క కూడా పడిపోతుంది. ఒకరి మాత్ర మరొకరి బహుమతిని తేల్చకూడదు కదా!

కనుక నా ప్రతిపాదనలు ఇవి. ఒకటి: శనివారం మూడు, ఆదివారం రెండు రౌండ్లు, ఒక్కొక్కరికి 25 నిమిషాలు. రెండు: ముందు ఎత్తు తెల్లపావులదే గనుక, ప్రతివారికీ తెల్లపావులు రెండుసార్లయినా రావాలి, మూడుసార్లు మించకూడదు. మూడు: బేసి సంఖ్య వస్తే ఆట లేనివారికి ఒక పాయింటు, కాని ఒకే మనిషికి రెండుసార్లు అలా ఇవ్వకూడదు. నాలుగు: మొదటి స్థానంలో ఎంతమంది సమానంగా ఉంటే అంతమందీ పదేసి నిమిషాల ఆటలు ఒకరితో ఒకరు ఆడాలి. అప్పటికీ తేలకపోతే ఉమ్మడి విజేతలే. మిగతా బహుమతులు సమానంగా పంచాలి. అయిదు: జతలు కట్టడం అందరి ఎదుట జరగాలి, టెండరు పెట్టె తెరిచినట్లు.

ఈ నియమాలు పేర్లు ఇచ్చే గడువుకు ముందే నోటీసు బోర్డు మీద ఉండాలి. పేర్లు చూశాక రాసిన నియమం ఎంత మంచిదైనా ఎవరికోసమో రాసినట్లే కనిపిస్తుంది. మార్పులు సూచించదలచినవారు ఇప్పుడే సూచించండి, చర్చిద్దాం.